క్యాట్ పరీక్షకు ముందు చేతులు వణుకుతున్నాయి.. ఆ బిళ్ల వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది రాయగడ. నా వయసు 24. బీటెక్ చేసి ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తున్నాను. ఈ నెలాఖరు ఆదివారం ఎంబీఏ సీటు కోసం ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తున్నాను. సెంటర్ విశాఖపట్నం వచ్చింది, పొద్దుట 8:30 స్లాట్. రోజూ రాత్రి రెండింటిదాకా చదువుతాను. నాలుగైదు కాఫీలు, ఒక ఎనర్జీ డ్రింకు పడితేగానీ మెలకువ ఉండదు. రెండు నెలలుగా మాక్ టెస్టుకు (నమూనా పరీక్షకు) కూర్చోగానే గుండె దడ, మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకు. మార్కులు పడిపోతున్నాయి. మెడికల్ షాపులో ఉన్న స్నేహితుడు ప్రొప్రనాలాల్ 40 ఇచ్చాడు. రెండు ఆదివారాలు సాయంత్రం మాక్‌కు ముందు వేసుకున్నాను, చెయ్యి నిలబడింది. రెండోసారి మాత్రం ఆ రాత్రి ఛాతీ పట్టేసింది, గ్యాస్ అనుకున్నాను. చిన్నప్పటి నుంచి చలికాలంలో ఆయాసం ఉంది. దానికి ఆ షాపులోనే పొట్లం కట్టి ఇచ్చే బిళ్లలు రెండు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నాను. కొంచెం దగ్గు ఉంది. నాలుగు కిలోలు తగ్గాను, చదువు వల్లే అనుకుంటున్నాను. పరీక్ష రోజు ప్రొప్రనాలాల్ ఎన్ని గంటలకు వేసుకోవాలి? జ్ఞాపకశక్తికి మంచి బిళ్ల చెప్పండి. బెంగళూరులో ఉన్న మిత్రుడు మొడాఫినిల్ వాడమంటున్నాడు. అమ్మ సరస్వతీ లేహ్యం పెడుతోంది, కొనసాగించవచ్చా?

జవాబు: ప్రొప్రనాలాల్ ఎన్ని గంటలకు వేసుకోవాలని అడిగారు. ఏ గంటకూ వేసుకోకండి. పరీక్ష రోజే కాదు, రేపటి మాక్‌కూ వద్దు. మీ దగ్గర మిగిలినవి ఉంటే ఇంట్లో ఉంచకండి. మీ ఉత్తరంలో జ్ఞాపకశక్తి గురించి నాలుగు మాటలున్నాయి, ఆయాసం గురించి ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

ప్రొప్రనాలాల్ బీటా బ్లాకర్ల జాతి మందు. పార్శ్వపు తలనొప్పికి (మైగ్రేన్), థైరాయిడ్ ఎక్కువైనవారి దడకి, కొన్ని రకాల చేతి వణుకుకి మేమూ రాస్తాం. గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి వేదిక ఎక్కేముందు భయపడేవారికీ ఇవ్వడం ఉంది. చిక్కేమిటంటే అది గుండె దగ్గర మాత్రమే పనిచేసి ఊరుకోదు. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు విప్పారడానికి వీలు కల్పించే గ్రాహకాలను కూడా మూసేస్తుంది. ఆస్తమా ఉన్న మనిషిలో ఆ గొట్టాలు బిగుసుకుపోతాయి. మీ చలికాలపు ఆయాసం అదే కావచ్చు. అంతకంటే నాకు భయం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది: అప్పుడు సాల్‌బ్యుటమాల్ అనే గాలిగొట్టాలు విప్పే మందును పంపుతో పీల్చినా సరిగ్గా పట్టదు, ఎందుకంటే ఆ మందు వెళ్లి తట్టాల్సిన తలుపునే ఈ బిళ్ల మూసి ఉంచుతుంది. ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనాలాల్ ఇవ్వకూడదని మొదటి పాఠాల్లోనే చదువుకుంటాం. రెండో ఆదివారం రాత్రి మీ ఛాతీ పట్టేసింది గ్యాస్ వల్ల కాకపోవచ్చు. మిమ్మల్ని చూడకుండా, ఛాతీ వినకుండా కచ్చితంగా చెప్పలేను. కానీ అది ఈ బిళ్ల పనేమోనన్న అనుమానం గట్టిగా ఉంది. మొదటిసారి ఏమీ కాలేదు కదా అని మూడోసారి ధైర్యం చేయకండి. చలి పెరిగిన రోజునో, జలుబు చేసిన రోజునో అదే బిళ్ల వేరేగా ప్రవర్తిస్తుంది. (మీరు వారానికి ఒకటి చొప్పున రెండే వేసుకున్నారు కాబట్టి ఆపేయమంటున్నాను. ఇదే మందును గుండెకో, తలనొప్పికో రోజూ వాడుతున్న పాఠకులు ఇది చదివి తమంతట తాము ఆపకండి, రాసిన డాక్టరును అడగండి.)

ఇప్పుడు ఆ పొట్లాల సంగతి. ఇందులో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. అయితే మన వైపు ఆయాసానికి ఇలా కాగితంలో కట్టిచ్చే బిళ్లలు ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను. తరచుగా ఉండేవి మూడు: సాల్‌బ్యుటమాల్ బిళ్ల, థియోఫిలిన్ బిళ్ల, ఒక చిన్న స్టెరాయిడ్ బిళ్ల. మీ పొట్లంలో మొదటి రెండూ ఉంటే మీ చేతి వణుకుకి, దడకి కారణం క్యాట్ కాకపోవచ్చు. పంపు ఒకసారి పీల్చితే లోపలికి వెళ్లే సాల్‌బ్యుటమాల్ 100 మైక్రోగ్రాములు. బిళ్లలో ఉండేది 2 నుంచి 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు. అదంతా ఊపిరితిత్తుల్లోకి పోదు, రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. చేతులు వణకడం, గుండె దడదడలాడడం దానికి బాగా తెలిసిన దుష్ఫలితాలు. థియోఫిలిన్ కాఫీలో ఉండే కెఫీన్‌కు దగ్గరి చుట్టం. దాని మీద నాలుగైదు కాఫీలు, ఎనర్జీ డ్రింకు పోస్తున్నారు. ఎవరి గుండె కొట్టుకోదు? స్టెరాయిడ్‌ను రాత్రిపూట వేసుకుంటే నిద్ర కూడా చెడుతుంది.

లెక్క చూడండి. ఆయాసానికి ఒక బిళ్ల వేశారు, దానివల్ల వణుకు వచ్చి ఉండొచ్చు. వణుకును పరీక్ష భయమనుకుని ఇంకో బిళ్ల వేశారు, అది ఆయాసాన్ని పెంచి ఉండొచ్చు. ఆయాసం పెరిగితే పొట్లంలో ఇంకో బిళ్ల కలుస్తుంది. ఒక బిళ్ల వెనక ఇంకో బిళ్ల పరుగెడుతోంది, మధ్యలో మీరున్నారు. ఇప్పుడు మూడోది, మొడాఫినిల్, అడుగుతున్నారు. బాబూ, ఇంజనీరింగ్ చదివిన మీరు ఫ్యాక్టరీలో పేరు చదవకుండా ఏ మీటా నొక్కరు కదా. రోజూ మింగే బిళ్ల పేరు రెండు నెలల్లో ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? మీ స్నేహితుడు చెడు తలపెట్టి ఇవ్వలేదని నాకు తెలుసు. కానీ ఆయాసం ఉందా అని అతను అడగలేదు, మీరు చెప్పలేదు. డాక్టరు దగ్గర ఆ ఒక్క ప్రశ్నకే బిళ్ల మారిపోయేది.

అయితే ఆ పొట్లాన్ని మాత్రం ఇవాళే పారేయకండి. ప్రొప్రనాలాల్‌కి చెప్పిన మాట దీనికి చెప్పడం లేదు. అందులో స్టెరాయిడ్ ఉండి, రెండు నెలలు రోజూ వేసుకుని ఉంటే ఒక్కసారిగా మానడం ప్రమాదం. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఈలోగా మందగించి ఉంటుంది. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి. కాబట్టి రేపే, వచ్చే సోమవారం కాదు, జిల్లా ఆసుపత్రి ఓపీకో మీకు దగ్గరలోని ఫిజీషియన్ దగ్గరికో వెళ్లండి. షాపుకు వెళ్లి ఆ బిళ్లల స్ట్రిప్పులు చూపించమని అడిగి, అసలు పేర్లు ఫోటో తీసుకుని వెళ్లండి. ప్రొప్రనాలాల్ ఏ తేదీల్లో వేసుకున్నారో కూడా చెప్పండి. మొహమాటపడి దాచకండి.

అక్కడ ఛాతీ విని, వీలుంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊపిరి ఊదించి చూసే పరీక్ష) చేస్తారు. ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ అడగండి. దడ, వణుకు, బరువు తగ్గడం మూడూ కలిసి వస్తే థైరాయిడ్ చూడకుండా వదలకూడదు. దగ్గు ఎన్నాళ్లుగా ఉందో మీరు రాయలేదు. రెండు వారాలు దాటి ఉంటే, బరువు కూడా తగ్గారు కాబట్టి, కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మీకు అదే ఉందని అనడం లేదు. చదువు వల్లే తగ్గానని మీరే తేల్చేసుకున్నారు చూశారా, ఆ తేల్చుకోవడమే వద్దంటున్నాను.

ఆస్తమా అని తేలితే చాలావరకు పంపు రాస్తారు. వద్దనకండి. పంపు పట్టుకుంటే జీవితాంతం అలవాటైపోతుందని, పెళ్లి సంబంధాలు రావని భయపడి బిళ్లల పొట్లాలకు పోయేవాళ్లు రాయగడలోనూ, గుణుపురంలోనూ, పార్వతీపురంలోనూ ఒక్కలాగే ఉన్నారు. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో నేరుగా గొట్టాల్లోకి వెళ్తుంది. కేవలం సాల్‌బ్యుటమాల్ పంపు మీద నెట్టుకురావద్దని, వాపు తగ్గించే పీల్చే స్టెరాయిడ్ కూడా ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మందు బాగా పట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మీ పరీక్షకు ఉన్నది కూడా సరిగ్గా అంతే. నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఆ నాలుగు రోజులూ తిరిగి రావు.

ఆయాసాన్ని రేపేవి కూడా చుట్టూ చూడండి. ఇప్పుడు వరి కోతలు, నూర్పుళ్లు, దుమ్ము. తెల్లవారుజామున చలి. మీరు రాయలేదు గానీ రాత్రి రెండింటిదాకా కూర్చునే గదిలో దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? వెలిగిస్తే ఆ పొగే సగం శత్రువు. అలాగని దోమలకు ఒళ్లప్పగించకండి, మన జిల్లాల్లో మలేరియా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం పంచిన మందు దోమతెర ఇంట్లో ఉంటే అందులో పడుకోండి. జ్వరం వస్తే పారాసిటమాల్‌తో పరీక్షదాకా లాగకుండా అదే రోజు రక్తం చూపించండి.

జ్ఞాపకశక్తి బిళ్ల అడిగారు. ఆరోగ్యవంతుడికి మార్కులు పెంచే బిళ్లంటూ నేను రాయగలిగింది లేదు. రక్తం తక్కువైతే, విటమిన్ బీ12 తక్కువైతే, థైరాయిడ్ తేడా ఉంటే వాటికి వైద్యం ఉంది, పరీక్ష చేశాక. మొడాఫినిల్ నిద్ర జబ్బులకు ఇచ్చేది. చీటీ లేకుండా అమ్మకూడని మందు. తలనొప్పి, దడ, నిద్రలేమి, అరుదుగా ఒళ్లంతా పాకే ప్రమాదకరమైన దద్దుర్లు. ఇప్పటికే దడ ఉన్న మీకు నేను రాయను.

నిద్ర విషయానికి వస్తాను. క్యాట్ మూడు విభాగాలు, ఒక్కోటి 40 నిమిషాలు, మొత్తం 120 నిమిషాలు, మధ్యలో విరామం లేదు. ఒక విభాగం నుంచి ఇంకోదానికి మీ ఇష్టం వచ్చినట్టు వెళ్లలేరు. ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. మొదటి 40 నిమిషాలూ ఇంగ్లీషు పేరాలు చదవాలి. రాత్రి రెండింటికి పడుకునే మెదడుకు పొద్దుట 8:30 అంటే ఇంకా అర్ధరాత్రి లాంటిదే. మాక్‌లు సాయంత్రం రాయడం ఇవాళ్టితో ఆపి పొద్దుట 8:30కే రాయండి. పడుకునే వేళ రెండు మూడు రోజులకోసారి అరగంట, గంట ముందుకు జరుపుకుంటూ పదిన్నరకు తీసుకురండి. ఆఖరి వారం నైట్ షిఫ్టు పడకుండా సూపర్‌వైజర్‌ను అడగండి, కుదరకపోతే సెలవు పెట్టండి. కాఫీ ఒక్కసారి మానితే మర్నాడు తలనొప్పి పట్టుకుంటుంది. రెండు రోజులకొకటి చొప్పున తగ్గించి రోజుకు ఒకటి రెండింటికి రండి, మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. ఎనర్జీ డ్రింకు మాత్రం ఇవాళే ఆపండి. పరీక్ష పొద్దుట కాఫీ ఎక్కువైతే దడ ఒక ఎత్తు, రెండు గంటలు మూత్రం ఆపుకోవడం ఇంకో ఎత్తు.

విశాఖకు ముందు రోజే వెళ్లండి. రాత్రి రైల్లో కిటికీ పక్కన చలిగాలికి కూర్చుని నేరుగా సెంటరుకు వెళ్లే సాహసం మీ ఊపిరితిత్తులకు పనికిరాదు. బంధువుల ఇంట్లో దిగితే కాయిల్, అగరొత్తులు వద్దని ముందే చెప్పండి, వాళ్లేమీ అనుకోరు. పొద్దుట అలవాటున్నదే తినండి, రాగి జావ అయితే ఇంకా మంచిది. పంపు రాసి ఉంటే దాన్ని, చీటీని వెంట ఉంచుకోండి. హాల్లోకి తీసుకెళ్లడానికి అనుమతి గురించి క్యాట్ హెల్ప్‌డెస్క్‌ను ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, గేటు దగ్గర వాదన పెట్టుకోకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మాక్ తెరవగానే గుండె అదిరితే అప్పుడు అది నిజంగా భయమే. దానికీ వైద్యం ఉంది, సిగ్గుపడే సంగతి కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. దానికి మందు అవసరమైతే మీ ఆయాసం తెలిసిన డాక్టరే రాయాలి.

అమ్మ పెట్టే లేహ్యం సీసా మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, లోపలి దినుసులు రాసి ఉంటే తీసుకెళ్లి డాక్టరుకు చూపించి తినండి. విడిగా డబ్బాలో పోసి అమ్మినదైతే ఆపండి. అందులో ఏముందో అమ్మకూ తెలియదు.

ఇది మీ ఉత్తరం చదివి చెప్పిన సలహా మాత్రమే, పరీక్షకు బదులు కాదు. రేపు ఓపీకి వెళ్లేలోపు, ఈ రాత్రి పిల్లికూతలు ఎక్కువై ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, కూర్చుంటేగానీ ఊపిరి ఆడకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయించండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందు చెప్పాల్సిన మాట, చివరిసారి ప్రొప్రనాలాల్ ఎప్పుడు వేసుకున్నారో.

- జనరల్ ఫిజీషియన్, రాయగడ