పుంత రోడ్డు, తూము, మురుగు బోదె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, మా ఊరి పుంత (పొలాలకు వెళ్లే దారి) మీద రెండేళ్ల కిందట అర అడుగు ఎర్ర గ్రావెల్ పోయించాం. సార్వా నాట్లు వచ్చేసరికి ట్రాక్టర్లు ఇరుసు దాకా దిగబడుతున్నాయి. ఇంకో అర అడుగు పోయిద్దామని పంచాయతీలో అంటున్నారు. నిలుస్తుందా?
(ఒక వార్డు సభ్యుడు, మండపేట ప్రాంతం)

జవాబు: ఉన్నదాని మీద అలాగే పోస్తే నిలవదండీ. ముందు గునపంతో రోడ్డు మధ్యలో ఒకటి, అంచున ఒకటి మోకాలి లోతు గుంటలు తవ్వి చూడండి. పోసిన గ్రావెల్ మూడు నాలుగు అంగుళాలే మిగిలి, దాని అడుగు నల్లగా, జిగటగా ఉంటే అది కొట్టుకుపోలేదు, రేగడిలోకి దిగిపోయిందన్నమాట. ఎండలో లారీని మోసిన నల్లరేగడి నానితే సత్తువంతా పోగొట్టుకుంటుంది. నానబెట్టి పరీక్షిస్తే సీబీఆర్ (నేల బరువు మోసే సత్తువకు కొలత) విలువ తరచూ 2, 3 శాతమే వస్తుంది.

నీరు ఎందుకు నిలుస్తోందో బెర్ములు, అంటే రోడ్డుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచులు చూస్తే తెలిసిపోతుంది. గడ్డి పెరిగి, బోదె పూడిక తెచ్చి అక్కడే వేసి, బెర్ము రోడ్డు కన్నా ఎత్తయి ఉంటుంది. కాబట్టి మొదటి ఖర్చు గ్రావెల్ మీద కాదు, బెర్ములు చెక్కించడం మీద. కాలువలు కట్టేసి పొలాలు ఆరిన ఏప్రిల్, మే నెలల్లోనే ఈ పని ముగించాలి.

బెర్ములు దించాక పాత రోడ్డును నాలుగు అంగుళాల లోతున గీరి, తడిపి, క్యాంబర్ (నడుమ నుంచి అంచులకు వాలు) వచ్చేలా రోల్ చేయించండి. గ్రావెల్ రోడ్డుకు 4 శాతం వాలు కావాలి. 3.75 మీటర్ల వెడల్పుకు నడుమ భాగం అంచు కంటే 7.5 సెంటీమీటర్లు ఎత్తుండాలి. బెర్ముకు 5 శాతం, అంటే మీటరుకు 5 సెంటీమీటర్ల దిగుడు. కంటితో చూసి సరే అనకండి, దారం కట్టి కొలవండి. ఆపైన కొత్త గ్రావెల్ రోల్ చేశాక 10 సెంటీమీటర్లు మిగిలేలా వేయాలి. కిలోమీటరుకు అది 375 ఘనపు మీటర్లు. వదులుగా తెచ్చేది దాదాపు మూడో వంతు ఎక్కువ ఉండాలి కనుక 170 యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు) పైచిలుకు పడుతుంది. ఒకేసారి అడుగు మందం పోసి రోలర్ తిప్పితే పైన గట్టిపడుతుంది, లోపల గుల్లగా ఉండిపోతుంది.

దిగబాటు మరీ ఎక్కువున్న చోట గ్రావెల్ కింద 15 సెంటీమీటర్ల ఇసుక పొర వేస్తే మేలు. అయితే ఆ ఇసుకను గట్టు వాలు దాకా తీసుకెళ్లి బయటికి తెరిచి ఉంచాలి. చాలా చోట్ల రోడ్డు వెడల్పు మేరకే వేసి రెండు పక్కలా బంకమట్టితో మూసేస్తారు. దిగిన నీరు లోపలే నిలిచిపోతుంది, రోడ్డు కింద చెరువు తవ్వించుకున్నట్టే. ఇసుక దొరకకపోతే రేగడిలోనే తడిపి పొడిచేసిన సున్నం 3 నుంచి 5 శాతం కలపవచ్చు. 15 సెంటీమీటర్ల లోతుకు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. గడ్డలు బాగా చితికేదాకా రోటవేటర్ తిప్పకపోతే సున్నం గడ్డల పైనే ఉండిపోతుంది, లోపలి రేగడి ఎప్పట్లాగే ఉబ్బుతుంది.

ప్రశ్న: రోడ్డు కింద రెండు 450 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టాలు వేశారు. వాన పడితే ఎగువ పొలాల్లో మూడు రోజులు నీరు దిగడం లేదు. ఇంకో రెండు వేయిస్తే చాలా?
(ఒక కౌలు రైతు, తణుకు దగ్గర)

జవాబు: చాలదు. వైశాల్యం లెక్కన నాలుగు 450 గొట్టాలు ఒక 900 గొట్టానికి సమానంగా కనిపిస్తాయి కానీ, అదే వాలులో నిండుగా పారేటప్పుడు ఒక 900 గొట్టం తీసే నీటికి 450వి ఆరుకు పైనే కావాలి. చిన్న గొట్టంలో గోడల రాపిడి ఎక్కువ. పైగా గుర్రపుడెక్క ఒక్క గుత్తి అడ్డం పడితే దాని పని అయిపోయినట్టే.

రోడ్డు కిందికి ఎన్‌పీ3 రకం (బండ్ల బరువు ఓర్చే, ఇనుప చువ్వలున్న సిమెంటు గొట్టం), వీలైతే 1000 మిల్లీమీటర్లది అడగండి. గొట్టం అడుగు బోదె అడుగు కంటే 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మీ ఊళ్లో వేసినవి బహుశా పైకి ఉండి ఉంటాయి. రెండు వైపులా బోదె అడుగునూ, గొట్టం అడుగునూ లెవెల్ పైపుతో చూడండి. పనిలో ఎక్కువగా చెడేది రెండు చోట్ల. ఒకటి పరుపు: రేగడి మీద నేరుగా పెడితే గొట్టాలు ఒక్కోటి ఒక్కో రకంగా కుంగి జాయింట్లు విడిపోతాయి. ఆ సందుల్లోంచి మట్టి లోపలికి జారి, ఒకనాడు రోడ్డు నడుమ గొయ్యి పడుతుంది. అడుగు లోతు రేగడి తీసి, ఇసుక నింపి తడిపి దట్టించి, పైన 15 సెంటీమీటర్ల 1:4:8 కాంక్రీటు వేయాలి. రెండోది పైమట్టి: గొట్టం మీద 60 సెంటీమీటర్లు తక్కువ కాకూడదు. డెల్టాలో గట్టుకు అంత ఎత్తు దొరకని చోట్లే ఎక్కువ. అలాంటప్పుడు గొట్టం మోజు మానేసి స్లాబ్ కల్వర్టు కట్టుకోవడమే నయం.

ప్రశ్న: రోడ్డు పక్కనే రొయ్యల చెరువు. తారు అంచు వెంబడి పొడుగ్గా బీటలు వస్తున్నాయి, అదీ పట్టుబడి అయ్యాకే. ఎందుకు?
(భీమవరం ప్రాంత పాఠకురాలు)

జవాబు: చెరువు నిండుగా ఉన్నన్నాళ్లూ ఊట గట్టును నానబెడుతుంది, నీటి ఒత్తిడి మాత్రం బయటి నుంచి గట్టును నిలబెడుతుంది. పట్టుబడికి మోటార్లు పెట్టి రెండు రోజుల్లో తోడేస్తే ఆ ఆసరా పోతుంది, గట్టులో నీరు మాత్రం అంత త్వరగా దిగదు. బరువెక్కిన మట్టి చెరువులోకి జారుతుంది, అందుకే బీట. నీటిని నెమ్మదిగా దించమని రైతుతో చెప్పండి. చెరువు గట్టుకూ రోడ్డుకూ మధ్య ఊట బోదె తవ్వించి, దాన్ని తప్పకుండా మురుగు కాలువలో కలపాలి. కలపని బోదె ఇంకో చెరువే. బీటను మూయకుండా వదిలితే తొలి వానకే నీరు లోపలికి దిగుతుంది. శుభ్రం చేసి ఎమల్షన్ (నీటిలో కలిపిన పలుచని తారు), ఇసుక కలిపి నింపించండి.

ప్రశ్న: మురుగు కాలువలో డెక్క ఏటా తీయిస్తున్నాం, వానాకాలానికి మళ్లీ నిండిపోతోంది.
(ఒక నీటి సంఘం సభ్యుడు, అమలాపురం ప్రాంతం)

జవాబు: మార్చిలో తీయిస్తే వానలదాకా దానికి కావలసినంత వ్యవధి. అనుకూల కాలంలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. జూన్ మొదట్లో ఒకసారి, నాట్ల తర్వాత ఇంకోసారి తేలికగా తీయించడం మంచిది. పని దిగువ నుంచి ఎగువకు సాగాలి. ఎగువ తెరిస్తే డెక్కంతా దిగువ తూము దగ్గర చేరి కట్టవుతుంది. మన దగ్గర చాలా చోట్ల కిలోమీటరుకు అడుగు వాలు కూడా లేదు కాబట్టి దిగువ ఎక్కడ అడ్డుపడినా ఎగువ ఊళ్లు మునుగుతాయి. ఇంకొకటి, ప్రొక్లెయినర్ వచ్చింది కదా అని మీ హద్దులో మాత్రమే లోతు చేయించకండి. దిగువ కాలువ అడుగు ఎత్తుగా ఉంటే ఆ లోతులో నీరు నిలవడం తప్ప పారదు. తీసిన డెక్క రోడ్డు బెర్ము మీద వేయించవద్దు, ఎందుకో మొదటి జవాబులో ఉంది.

ప్రశ్న: దమ్ము చక్రాలతో (బురద దున్నే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు తారు రోడ్డెక్కకుండా ఏం చేయాలి?
(పేరు రాయలేదు)

జవాబు: పొలంలోకి దిగే చోట గ్రావెల్ ర్యాంపు కట్టి, చక్రాలు అక్కడే తగిలించుకునేంత జాగా చూపించండి. ర్యాంపు కింద బోదెకు తూము వేయడం మరవకండి. జాగా లేనప్పుడు జరిమానా బోర్డు పెట్టినా ఎవరూ ఆగరు.