ప్రశ్నలూ జవాబులూ: ఇరాక్ తగువులో ఎవరి మాట నిలుస్తుంది?

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే తగువు మీద ఉన్నాయి: 2003లో అమెరికా ఇరాక్ మీద చేసిన యుద్ధం. యుద్ధానికి వెళ్దామన్నవాళ్లది ఒప్పా, వద్దన్నవాళ్లది ఒప్పా? దూరదేశపు పార్టీల గొడవ మనకెందుకు అనడానికి లేదు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో ఇరాక్ అంటే దూరదేశం కాదు. వాటిలో కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: ఇరాక్ మీద యుద్ధం రిపబ్లికన్ల పాపమే అని నేనంటాను. డెమొక్రాట్లూ చెయ్యెత్తారు కదా అని మా బావగారు అంటారు. టీ కొట్టు మూసేదాకా ఇదే గొడవ. ఎవరిది నిజం? (పర్లాకిమిడి)

జవాబు: మీ బావగారి మాటలో నిజముంది, కానీ ఆ ఒక్క ముక్కతో మీ నోరు మూయించలేరు. 2002 అక్టోబర్ 10న అమెరికా ప్రతినిధుల సభలో, ఇరాక్ మీద సేనను వాడేందుకు అధ్యక్షుడు బుష్‌కు అనుమతిచ్చే తీర్మానం 296–133తో నెగ్గింది. రిపబ్లికన్లలో 215 మంది అవునంటే ఆరుగురే కాదన్నారు. డెమొక్రాట్లలో అవునన్నవాళ్లు 81, కాదన్నవాళ్లు 126. మిగిలిన ఒక్క వ్యతిరేక ఓటు స్వతంత్రుడు బెర్నీ శాండర్స్‌ది. రెండో సభ అయిన సెనేట్‌లో 77–23. అక్కడ రిపబ్లికన్లు 48 మంది అవునన్నారు, కాదన్నవాడు లింకన్ చేఫీ ఒక్కడే. డెమొక్రాట్లు 29 మంది అవును, 21 మంది కాదు. స్వతంత్రుడు జెఫర్డ్స్ కాదన్నారు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డెమొక్రాట్లలో ఎక్కువమంది వ్యతిరేకించారన్న మాట ప్రతినిధుల సభకు నిజం, సెనేట్‌కు అబద్ధం. రెండు సభలూ కలిపితే 110 మంది అవును, 147 మంది కాదు, కాబట్టి మొత్తం మీద మళ్లీ నిజం. ఎదుటివాడు ఏ సభ లెక్క చెబుతున్నాడో అడగకుండా ఒప్పుకోవద్దు, కొట్టిపారేయనూ వద్దు. తీర్మానం కోరింది బుష్ ప్రభుత్వం. దాని మీద నడిచి యుద్ధం మొదలుపెట్టిందీ ఆ ప్రభుత్వమే. ఆ బరువు ఓట్ల లెక్కతో తగ్గదు. అలాగని చెయ్యెత్తిన 110 మందికి సంబంధం లేదనడమూ కుదరదు.

ప్రశ్న: ‘నేను యుద్ధానికి ఓటెయ్యలేదు, సద్దాంను బెదిరించడానికి అధ్యక్షుడికి బలమిచ్చాను అంతే’ అని తర్వాత కొందరు నాయకులు చెప్పుకున్నారు. నమ్మొచ్చా? (గుణుపురం)

జవాబు: దీనికి నోటి మాటతో పనిలేని పరీక్ష ఒకటుంది. ముందు తీర్మానం పాఠం చూడాలి. అవసరమూ సముచితమూ అని అధ్యక్షుడు తానే నిర్ణయించుకుని సేనను వాడొచ్చని అందులో రాశారు. మళ్లీ కాంగ్రెస్ (ఆ రెండు సభల) దగ్గరికి రమ్మన్న షరతు లేదు. దౌత్యంతో ఇక పని జరగదని తాను తేల్చుకున్న సంగతి, దాడి మొదలైన 48 గంటల్లోగా సభలకు తెలిపితే చాలు. బుష్ ఆ లేఖ 2003 మార్చి 18న పంపారు. అంటే తాళంచెవి ఇచ్చేశారు, తలుపు ఎప్పుడు తీయాలో ఆయన ఇష్టం.

రెండోది లెవిన్ సవరణ. ముందు ఐక్యరాజ్యసమితి అనుమతి తెచ్చుకోండి, అది దొరక్కపోతే మళ్లీ మా దగ్గరికి రండి అనేది సెనేటర్ కార్ల్ లెవిన్ పెట్టిన ఆ సవరణ సారాంశం. 24–75తో ఓడిపోయింది. నిజంగా బెదిరింపు వరకే ఇష్టమున్నవాడికి అచ్చంగా సరిపోయే ఓటు అది. కనుక ‘బలమిచ్చాను అంతే’ అన్న నాయకుడెవరైనా సరే, లెవిన్ సవరణకు ఎటు ఓటేశాడో చూడండి. హిల్లరీ క్లింటన్ అసలు తీర్మానానికి అవునన్నారు, లెవిన్ సవరణకు కాదన్నారు. ఆమె వివరణ ఎంత చక్కగా ఉన్నా ఈ రెండు ఓట్లూ పక్కపక్కన పెడితే పొసగదు.

ప్రశ్న: బుష్ అబద్ధమాడాడా, పొరపాటు పడ్డాడా? రెంటిలో ఒకటి చెప్పండి. (రాయగడ)

జవాబు: ఒకటే చెబితే తప్పు చెప్పినట్టవుతుంది. ఆరోపణలు నాలుగైదు రకాలు, ఒక్కోదాని పుట్టుక ఒక్కో తీరు. అన్నీ ఒకే గంపలో వేయడం వల్లే తగువు తెగదు.

మొదటిది, ఇరాక్ దగ్గర రసాయన, జీవాయుధాల నిల్వలున్నాయన్న మాట. ఇది చాలా దేశాల నిఘా సంస్థలు నమ్మిన తప్పు. యుద్ధం తర్వాత ఆయుధాల కోసం వెతికిన బృందానికి పెద్దగా ఉన్న డేవిడ్ కే, 2004 జనవరిలో సెనేట్ కమిటీ ముందు దాదాపు మనమందరం పొరబడ్డామని ఒప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన ఆ బృందపు డ్యూల్ఫర్ నివేదిక, సద్దాం 1991లోనే రసాయనాయుధ నిల్వలు నాశనం చేయించాడని తేల్చింది. 2006లో ఇద్దరు రిపబ్లికన్ నాయకులు ‘దొరికాయి’ అంటూ ప్రకటించిన ఐదువందల రసాయన ఫిరంగి గుళ్ల సంగతి మీ తగువులోకి కచ్చితంగా వస్తుంది. అవి 1991కి ముందువి, చెడిపోయినవి. యుద్ధానికి చూపించిన కారణం అవి కాదు.

రెండోది అల్యూమినియం గొట్టాలు. అసలు గుట్టు ఇక్కడుంది. ఇరాక్ కొనబోయిన గొట్టం వెలుపలి వ్యాసం 81 మిల్లీమీటర్లు, పొడవు 900 మిల్లీమీటర్లు. అణుబాంబు కోసం యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలకే అవి అని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాదన. అవే కొలతల గొట్టాలతో ఇరాక్ అంతకుముందే 81 మిల్లీమీటర్ల రాకెట్లు చేసుకుంటోంది. సెంట్రిఫ్యూజ్ పని తెలిసిన నిపుణులున్నది అమెరికా ఇంధన శాఖలో, వాళ్లు రాకెట్లకే అన్నారు. విదేశాంగ శాఖ నిఘా విభాగమూ ఒప్పుకోలేదు. ఈ భిన్నాభిప్రాయాలు 2002 అక్టోబర్ మొదట్లో తయారైన నిఘా సంస్థల రహస్య అంచనాలో నమోదయ్యాయి. కొద్దిరోజులకే జనం కోసం విడుదల చేసిన పత్రంలో ఎవరు ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో చెప్పే వాక్యాలు పోయాయి. ఇది పొరపాటు కాదు. సందేహాన్ని చెరిపి నమ్మకంగా అమ్మడం. సెనేట్ నిఘా కమిటీ అధ్యక్షుడు బాబ్ గ్రాహం రహస్య ప్రతి చదివారు, వద్దని ఓటేశారు. ఆ ప్రతి చదవకుండానే అవునన్నవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, వాళ్లకు నిఘా సంస్థల మీద నెపం పెట్టే అర్హత తక్కువ.

మూడోది, ఆఫ్రికాలోని నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందన్న మాట. 2003 జనవరి 28 ప్రసంగంలో బుష్ నైజర్ పేరెత్తకుండా ఆఫ్రికా అంటూ దీన్ని చెప్పారు. మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ, దానికి ఆధారమన్న కాగితాలు నకిలీవని భద్రతా మండలికి చెప్పారు. 2000 సంవత్సరపు తేదీ ఉన్న ఒక ఉత్తరం మీద 1989లోనే పదవి దిగిపోయిన మంత్రి సంతకం ఉంది. అంత మొరటు నకిలీ. ఆ వాక్యం ప్రసంగంలో ఉండాల్సింది కాదని వైట్‌హౌస్ జూలైలో ఒప్పుకుంది, అప్పటికి బాగ్దాద్ పడిపోయి మూడు నెలలు. ఇక ఇరాక్‌కు అల్‌ఖైదాతో పొత్తుందన్న సూచనలకు నిఘా సమాచారం దన్ను లేదని 2008 సెనేట్ కమిటీ నివేదిక చెప్పింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు: నిల్వల విషయంలో పొరపాటు, గొట్టాల విషయంలో దాచివేత, అల్‌ఖైదా విషయంలో లేనిదాన్ని ఉన్నట్టు పలికించడం. ఏ ముక్క గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకుంటే రాయగడలో సగం తగువు సాయంత్రానికే తీరుతుంది.

ప్రశ్న: అందరూ నమ్మినప్పుడు యుద్ధానికి వెళ్లక ఏం చేస్తారు? (మళ్లీ రాయగడే, వేరే పాఠకుడు)

జవాబు: తనిఖీ చేస్తారు. చేస్తూనే ఉన్నారు కూడా. ఆయుధాల తనిఖీకి ఇరాక్ ఒప్పుకోవాలన్న 1441వ తీర్మానాన్ని భద్రతా మండలి 2002 నవంబర్ 8న 15–0తో ఆమోదించాక, నవంబర్ 27న తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి. మార్చి దాకా 700కు పైగా తనిఖీలు జరిగాయి. ఇంకెంత కాలం కావాలన్నదానికి ఏళ్లూ కాదు, వారాలూ కాదు, నెలలు అని మార్చి 7న సమితి తనిఖీదారుల పెద్ద హాన్స్ బ్లిక్స్ చెప్పారు. మార్చి 18న తనిఖీదారులను బయటికి పిలిపించేశారు, 20న బాంబులు పడ్డాయి. అక్టోబర్‌లో నమ్మడానికి ఒక సాకు ఉంది. మార్చి నాటికి చేతిలో తనిఖీల ఫలితాలున్నాయి, ఆ సాకు చెల్లదు. బ్రిటన్‌లో ఏడేళ్లు విచారించి 2016లో బయటపడ్డ చిల్కాట్ నివేదిక సరిగ్గా ఈ చోటే వేలు పెట్టింది: శాంతి మార్గాలు అయిపోకముందే దాడికి దిగారని.

ప్రశ్న: మొదటి నుంచీ వద్దన్నవాడు ఒబామా ఒక్కడే అంటాడు మా అబ్బాయి. ట్రంప్ కూడా వద్దన్నాడని మా పక్కింటాయన. (కోరాపుట్)

జవాబు: తేదీ అడగండి. ఒబామా చికాగోలో వ్యతిరేకంగా మాట్లాడింది 2002 అక్టోబర్ 2, ఓటుకు ముందే. అది నిజం. అప్పటికి ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్ సభ్యుడు, ఈ తీర్మానం మీద ఓటు లేదు. ఓటు చేతిలో పెట్టుకుని రెండు సభల్లో వద్దన్న 156 మందికి ఉన్న ఒత్తిడి ఆయనకు లేదు. ఒక్కడే అన్నది అన్యాయం. ట్రంప్‌ను 2002 సెప్టెంబర్ 11న ఒక రేడియో కార్యక్రమంలో అడిగితే, అవుననే అనుకుంటాను అన్న అర్థంలో జవాబిచ్చాడు. మీ పక్కింటాయన చెప్పేది తర్వాతి మాట.

ప్రశ్న: మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని ఖండించిందా లేదా? ఒక పేపర్లో ఖండించిందనీ ఇంకో పేపర్లో విచారం తెలిపిందనీ చదివిన గుర్తు. (బరంపురం)

జవాబు: రెండు పేపర్లదీ తప్పు కాదు, తీర్మానానికే రెండు నాలుకలు. 2003 ఏప్రిల్ 8న లోక్‌సభ ఏకగ్రీవంగా ఆమోదించిన పాఠంలో హిందీలో ‘నిందా’ అని ఉంది, ఇంగ్లీషులో ‘డిప్లోర్’ (విచారం తెలపడం) అని. ప్రతిపక్షాలు ‘కండెమ్’ అన్న గట్టి మాట కోరాయి, వాజ్‌పేయి ప్రభుత్వానికి అమెరికాతో అంత దూరం వెళ్లడం ఇష్టం లేదు. హిందీలో ప్రతిపక్షం తృప్తిపడింది, ఇంగ్లీషులో విదేశాంగ శాఖ ఊపిరి పీల్చుకుంది.

బరంపురంవాళ్లకు ఈ కిటుకు చప్పున అందాలి. ఒడియా పేపరు ‘నిందా’ అంటే ఖండించడమే. తెలుగులో నింద అంటే చేయని పనికి మోపేది, నీలాపనింద. తెలుగువాడు దాన్ని అలాగే ఎత్తి రాస్తే అర్థమే తలకిందులవుతుంది, అందుకే అనువదించినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. అసలు పరీక్ష మూడు నెలలకు వచ్చింది. ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగితే, సమితి ఆదేశం లేకుండా పంపలేమని ప్రభుత్వం జూలై 14న తేల్చేసింది. మాట మెత్తబడినా కాలు కదపలేదు.

ప్రశ్న: అమెరికా సరే. 1962లో చైనాతో నెహ్రూ తొందరపడ్డారా, మెతకగా ఉన్నారా? మా ఊళ్లో రెండూ తిడతారు. (జయపురం)

జవాబు: రెండూ ఒకే నోటితో తిట్టేవాళ్లే ఎక్కువ. 1959 నుంచి ప్రతిపక్షాలు మెతకదనమని ప్రభుత్వాన్ని నిలదీశాయి. ఓడిపోయాక, ముందుకు పోయి చౌకీలు పెట్టడం దుడుకని అదే వైపు నుంచి వినిపించింది. 1961 నవంబర్ 2న ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు, ముందు చౌకీల వెనక పెద్ద బలగాలు ఉండాలన్న షరతు కూడా ఉంది. డిసెంబర్‌లో సైనిక ప్రధాన కార్యాలయం కింది దళాలకు పంపిన ఉత్తర్వులో ఆ షరతు జారిపోయింది. దన్ను లేని చౌకీలు మిగిలాయి. కనుక నిర్ణయం తప్పా, అమలు తప్పా అని విడదీసి అడగాలి.

ఇరాక్ విషయంలో తేల్చగలిగినంత ఇక్కడ తేల్చలేం, ఎందుకంటే కాగితం తాళంలో ఉంది. ఆ ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదిక, 1963లోనే అందింది. కొంత భాగం 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు బయటపెట్టాడు గానీ ప్రభుత్వం ఇవ్వలేదు. ఇవ్వలేమని 2010లో కాంగ్రెస్ రక్షణమంత్రి ఆంటోనీ అన్నారు. ప్రతిపక్షంలో ఉండగా 2014 మార్చిలో ఇలాంటివి దాచకూడదని రాసిన అరుణ్ జైట్లీ, జూలైలో రక్షణమంత్రి హోదాలో తానూ ఇవ్వలేమన్నారు. కుర్చీ మారింది, బీరువా తెరవలేదు.

ప్రశ్న: ఈ ఓట్లు మేమే చూసుకోవాలంటే ఎలా? (పర్లాకిమిడి)

జవాబు: ప్రతినిధుల సభలో 2002 సంవత్సరపు 455వ ఓటు, సెనేట్‌లో 237వ ఓటు. రెండు సభల అధికారిక వెబ్‌సైట్లలో ఏడాదీ నంబరూ ఇస్తే పేర్లతో సహా వస్తాయి. మూడు చోట్ల జాగ్రత్త. సెనేట్ ఓటు అర్ధరాత్రి దాటాక పడింది, అందుకే కొందరు 10 అనీ కొందరు 11 అనీ రాస్తారు. ఓటు అదే. నెల్సన్ అనే పేరుతో ఇద్దరు డెమొక్రాట్లున్నారు, ఒకాయనది ఫ్లోరిడా, ఇంకొకాయనది నెబ్రాస్కా. హచిన్సన్, హచిసన్ వేర్వేరు మనుషులు, తెలుగులో రాస్తే ఒక్క అక్షరమే తేడా. పేరు పక్కన రాష్ట్రం చూడకుండా పందెం కాయకండి. మన లోక్‌సభ తీర్మానానికి ఇలాంటి జాబితా వెతక్కండి. ఏకగ్రీవం కాబట్టి పేర్లు ఉండవు, ఆనాటి చర్చ పాఠం మాత్రం దొరుకుతుంది.