నొప్పి ఉంటే వ్యాయామం చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రెండేళ్లుగా నడుం నొప్పి. ఎం.ఆర్.ఐ.లో డిస్క్ కొంచెం ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు. ఫిజియోథెరపీకి వెళ్తే రోజూ కరెంటు పెట్టి, కాపడం పెట్టి పంపేవారు. మానేశాక మళ్లీ మామూలే. వ్యాయామం చేస్తే డిస్క్ జారుతుందేమోనని భయం. బెల్టు లేకుండా ఉండలేకపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు భయం వదిలేయండి. అసలు నడుం నొప్పే లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా, సుమారు 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. నొప్పి మూడు నెలలు దాటితే నరాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. చిన్న కదలికకే పెద్ద నొప్పి వస్తుంది. మీ నొప్పి నిజమే. అయితే అది పెరిగిన ప్రతిసారీ లోపల ఏదో దెబ్బతిన్నట్టు కాదు.

కరెంటు, కాపడం కాసేపు హాయినిస్తాయి, బలాన్నివ్వవు. అవి మాత్రమే చేసి పంపడం ఫిజియోథెరపీ అనిపించుకోదని ఒక ఫిజియోథెరపిస్టుగా గట్టిగా చెబుతాను. ఈసారి వెళ్లినప్పుడు వ్యాయామాలు నేర్పమని అడగండి.

నా దగ్గరికి వచ్చే టైలర్లందరిదీ ఒకటే తీరు. పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి దాకా మెషీన్ మీద కూర్చుంటారు, తర్వాత రెండు రోజులు మంచం దిగలేరు. నొప్పి వచ్చాక లేవడం కాదు, రాకముందే లేవాలి. ఫోన్‌లో అరగంటకోసారి అలారం పెట్టుకోండి. మోగగానే కుట్టు సగంలో ఉన్నా సరే, లేచి రెండు నిమిషాలు ఇంట్లోనే తిరగండి. కటింగ్ నేల మీద వద్దు, నడుం ఎత్తు బల్ల మీద చేయండి.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోండి. రెండూ ఎనిమిదేసి సార్లు చాలు. రోజూ పది నిమిషాలు నడిచి, వారానికి రెండేసి నిమిషాలు పెంచండి. మొదట్లో కాస్త నొప్పి వస్తుంది. మర్నాటికి తగ్గితే ఫరవాలేదు. తగ్గకపోతే సగానికి తగ్గించండి, మానేయొద్దు. తేడా తెలియడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

బెల్టు ఒక్కసారిగా తీసేయకండి. ఇంట్లో గంటసేపు తీసి ఉండటంతో మొదలుపెట్టండి.

కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా మాత్రం ఇవన్నీ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.