లాప్‌లాండ్ ప్రేమ నవల రాస్తున్నాను, బీటెక్ మానేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో హాస్టల్లో ఉండి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మంచు కురిసే మారుమూల ఊళ్లలో, క్రిస్మస్ రోజుల్లో నడిచే ప్రేమ నవలలంటే ఇంటర్ నుంచీ ఇష్టం. ఇప్పుడు నేనే తెలుగులో ఒకటి మొదలుపెట్టాను. గుంటూరు నర్సు ఒకామె ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్‌లో ఉద్యోగానికి వెళ్లి, పండుగ ముందు మంచులో చిక్కుకుపోతుంది. మూడు అధ్యాయాలు జతచేశాను. చదువు ఆపి దీని మీదే కూర్చోవాలని ఉంది. నాన్న వద్దంటున్నారు. మంచు మొహం ఎరగనిదానివి మంచు గురించి ఏం రాస్తావని స్నేహితులు అడుగుతున్నారు. రచననే వృత్తిగా ఎంచుకోవచ్చా?

జవాబు: మూడు అధ్యాయాలూ చదివాను. బీటెక్ మానకండి. నవలా మానకండి. చదువుతూనే రోజుకో గంట రాస్తే పట్టా చేతికి వచ్చేలోగా నవల పూర్తవుతుంది. చదువు ఆపితే రోజంతా చేతిలో ఉంటుంది కానీ, ఇంట్లో గొడవ, డబ్బు దిగులు ఆ రోజును తినేస్తాయి.

స్నేహితుల మాటకు కుంగిపోకండి. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1842లో. మీ ఊరి ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ 1885 నాటిది. మంచు పడని ఆ ఊళ్లో ఇప్పటికీ డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ చెట్టు కొమ్మల మీద దూది పరుస్తారు. చూడని మంచును ఊహించుకోవడం మీ ఊరికి కొత్తేమీ కాదు. మీ నాయిక ఆ దూది పరుస్తూ పెరిగిన అమ్మాయి. అసలు మంచు మీద మొదటిసారి కాలు పెట్టినప్పుడు ఆమెకు ఏం గుర్తొస్తుందో మీకు తెలిసినంతగా లండన్‌లో కూర్చుని రాసే రచయిత్రికి తెలియదు. ఆ చోట మీరేమో పర్యాటక కరపత్రాల్లో ఉండే మాటలు రాశారు. తిరగరాయండి.

తెలియని విషయాలు మాత్రం కష్టపడి తెలుసుకోవాలి. మీ నాయిక దిగిన ఇవాలో అనే ఊరు ఆర్కిటిక్ వలయానికి బాగా ఉత్తరాన ఉంది. అక్కడ డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం దాటేదాకా సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలంగా సంధ్య వెలుగు పరుచుకుని, మళ్లీ చీకటి పడుతుంది. మీరు 24వ తేదీ ఉదయం కిటికీలోంచి బంగారు రంగు ఎండను రప్పించారు. రెండో అధ్యాయంలో మైనస్ ఇరవై అయిదు డిగ్రీల చలిలో నాయికా నాయకులు మంచు ఉండలు చేసి విసురుకున్నారు. అంత చలిలో మంచులో తడి ఉండదు, ఎంత నొక్కినా ఉండ కట్టదు, పొడి ఇసుకలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. నడిస్తే కాలి కింద కిరకిరమంటుంది. ఆ చప్పుడు మీ నవలలో ఎక్కడా వినిపించలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రోడ్డు దగ్గర వచ్చింది. ఈ తరహా నవలలో మంచు అలంకారం కాదు, కథను నడిపించేదే అది. దారి మూస్తుంది, పొసగని ఇద్దరిని ఒకే కప్పు కింద కూర్చోబెడుతుంది. పండుగ తేదీ గడువు పెడుతుంది. చివరికి ఇద్దరూ ఒకటవుతారని పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు. ఎలా అవుతారన్నదాని కోసమే ఆమె చదువుతుంది, కాబట్టి ఆ ‘ఎలా’ నమ్మేలా ఉండాలి. మీరు హైవే వారం రోజులు మూసేశారు. లాప్‌లాండ్‌లో మంచు తోసే బండ్లు చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి, కార్లకు చలికాలపు టైర్లు వేస్తారు, ప్రధాన రహదారి అలా వారం మూతపడదు. అడవిలోకి చీలిపోయే సొంతదారి చివర ఒక ఇల్లు పెట్టండి. అక్కడ గట్టి చలి రాత్రుల్లో కారు ఇంజను వెచ్చగా ఉండటానికి దానికి కరెంటు ప్లగ్గు పెట్టి ఉంచుతారు. గుంటూరు అమ్మాయికి ఆ సంగతి తెలియకపోవడం ఎంత సహజం! తెల్లవారేసరికి కారు కదలదు. అక్కడి నుంచి నవల తనంతట తాను నడుస్తుంది.

ఫిన్లాండ్ రోడ్ల మీది వాతావరణ కెమెరాల చిత్రాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. డిసెంబరులో మన మధ్యాహ్నం మూడున్నరకు చూడండి, అక్కడ అప్పుడు పన్నెండు. అన్నట్టు, మీ నాయిక తల్లి తెల్లవారుజామున ఐదింటికి కేరల్స్ బృందం వాకిట్లో పాడుతుంటే ఫోన్ చేసి వినిపించడం, అక్కడ రాత్రి ఒకటిన్నరకు నైట్ డ్యూటీలో కూతురు వినడం చాలా బాగుంది. కాలభేదాన్ని సరిగ్గా లెక్కవేశారు, పైగా ఆ సన్నివేశంలో ఒక్క మాట కూడా అరువు తెచ్చుకున్నట్టు లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఫిన్లాండ్‌లో అసలు పండుగ 24వ తేదీనే. ఆ రోజు కుటుంబాలు శ్మశానానికి వెళ్లి తమవారి సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తాయి. మంచు నిండా దీపాలు. మన దగ్గర నవంబరు 2న సమాధుల పండుగకు చేసేదే అది. మీ నాయికకు తండ్రి లేడని మొదటి పేజీలోనే రాశారు. పరాయి దేశపు శ్మశానంలో ఆమె ఎవరి సమాధి దగ్గర కొవ్వొత్తి పెడుతుంది? నాయకుడు ఆమెను మొదటిసారి నిజంగా చూడవలసింది అక్కడేనని నాకనిపిస్తోంది. మంచు ఉండల ఆట కన్నా అది వెయ్యి రెట్లు బలమైన సన్నివేశం.

ఇక డబ్బు సంగతి. తెలుగు నవల మొదటి ముద్రణ సాధారణంగా ఐదు వందలో వెయ్యో ప్రతులు. వెల 200 రూపాయలు, రాయల్టీ పది శాతం అనుకుంటే ప్రతికి 20 రూపాయలు. వెయ్యీ అమ్ముడైతే 20,000. అవి అమ్ముడవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఫోనులో చదివే ప్రతిలిపి లాంటి వేదికల్లో తెలుగు ధారావాహికలకు పాఠకులు బాగా ఉన్నారు. అయితే ఆదాయం రావాలంటే ఆగకుండా రాస్తూ ఉండాలి. ఇంగ్లీషులో మార్కెట్ పెద్దది. 1908లో లండన్‌లో పుట్టిన మిల్స్ అండ్ బూన్ అనే ప్రేమ నవలల ప్రచురణ సంస్థ ఏజెంటు లేకపోయినా కొత్తవారి రాతప్రతులు నేరుగా తీసుకుంటుంది, తన నవలల సిరీస్‌లలో చాలావాటికి 50,000 పదాల నిడివి అడుగుతుంది. అయినా మొదటి నవల తెలుగులోనే ముగించండి. మీరు ఆలోచించేది తెలుగులోనని ఆ ఫోను సన్నివేశమే చెబుతోంది.

పండుగ నవలకు కాలం కూడా ముఖ్యమే. క్రిస్మస్ పుస్తకం సెప్టెంబరు, అక్టోబరు నాటికే దుకాణానికి చేరాలి. అంటే రాతప్రతి అంతకు చాలా నెలల ముందే సిద్ధమవ్వాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి ప్రచురణకర్తల స్టాళ్లలో నిలబడి మాట్లాడండి. ఏది అమ్ముడవుతోందో, ఏది కట్టలుగా వెనక్కి పోతోందో వాళ్లే చెబుతారు.

బతుకుతెరువు రచన పక్కనే దొరుకుతుంది. ఈసీఈ చదివి చక్కగా రాయగలవారికి టెక్నికల్ రైటర్ ఉద్యోగాలు ఉన్నాయి. యాప్‌లను తెలుగులోకి తెచ్చే పని, ఆడియో కథల స్క్రిప్టులు, ప్రచురణ సంస్థల్లో ఎడిటింగ్ కూడా చూడవచ్చు. ఎడిటింగ్ వైపు మనసుంటే ఇగ్నోలో పుస్తక ప్రచురణలో పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చదువుకోవచ్చు. నాన్నగారికి నవల గొప్పతనం చెప్పబోకండి, ఈ లెక్క చూపించండి. చదువు ఆపడం లేదన్న మాట ముందు చెప్పి, తర్వాత రోజుకు గంట అడగండి. ఆయన భయం మీ నవల గురించి కాదు, రేపటి గురించి.

ప్రచురణకు ఒప్పుకున్నవారు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. 1957 నాటి చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. అందుకే కొందరు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో’ అని రాయించుకుంటారు. ఆడియో, సినిమా, అనువాద హక్కులు విడిగా మీ దగ్గరే ఉంచుకోండి. అలాంటి ఒప్పంద పత్రం వస్తే సంతకానికి ముందు నాకు పంపండి, చదివి చెబుతాను.