కోర్టుకెళ్లాలా, ఎలక్షన్ల దాకా ఆగాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పాత వేతన ఒప్పందం గడువు ముగిసి చాలా కాలమైంది. మాకు రెండు యూనియన్లున్నాయి. డిమాండ్ నోటీసు ఇస్తే మేనేజ్‌మెంట్ వాళ్లు ‘ఎవరితో మాట్లాడాలో ముందు మీలో మీరు తేల్చుకోండి’ అన్నారు. హైకోర్టులో రిట్ వేద్దామని కొందరు, వచ్చే ఎలక్షన్లలో ఓటుతో బుద్ధి చెబుదామని కొందరు అంటున్నారు. ఏది మంచి దారి?
– ఒక కార్మికుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు కోర్టు సంగతి చెబుతాను. రిట్ అంటే ప్రభుత్వం, దాని శాఖలు తమ పని చేసేలా ఆదేశించమని కోర్టును అడిగే పిటిషన్. అందుకే ప్రైవేటు కంపెనీ మీద నేరుగా వేసే రిట్ మామూలుగా నిలవదు. కార్మిక శాఖ తన పని తాను చేయకపోతే ఆ శాఖ మీద వేయొచ్చు. సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కే. కానీ యాజమాన్యం మీతో కూర్చుని బేరమాడి తీరాలన్నది అందులో భాగం కాదని సుప్రీంకోర్టు 1961లోనే, బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పేసింది. ఆ తీర్పు తప్పనే నా అభిప్రాయం. ఎదుటివాడు మాట్లాడనక్కర్లేదంటే ఆ సంఘం దేనికి? అయినా అమల్లో ఉన్నది ఆ తీర్పే. బేరమాడే విషయంలో మీకున్న హక్కులు చట్టం ఇచ్చినవి, రాజ్యాంగం ఇచ్చినవి కావు.

ఇక ఓటు. 2003లో తమిళనాడులో సమ్మెకు దిగిన ప్రభుత్వ ఉద్యోగులను జయలలిత ప్రభుత్వం లక్షకు పైగా ఒక్క దెబ్బతో తీసేసింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కే లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్షమాపణ రాసిచ్చి చాలామంది మళ్లీ డ్యూటీలో చేరారు. ఆ తర్వాతి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో 39 సీట్లలో ఒక్కటీ ఆమె కూటమికి రాలేదు. ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే ఉద్యోగులపై చర్యలన్నీ ఆమే వెనక్కి తీసుకున్నారు. కోర్టులో దొరకనిది ఓటుతో దొరికింది కదా అంటారు. దొరికింది, నిజమే.

కానీ 2019 అక్టోబర్‌ను కూడా గుర్తు చేసుకోండి. దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెలో ఉన్నారు, జీతాల్లేవు. సరిగ్గా అప్పుడే హుజూర్‌నగర్‌లో ఉపఎన్నిక జరిగితే అధికార పార్టీ 43 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. సమ్మె చట్టవిరుద్ధమో కాదో తేల్చాల్సింది లేబర్ కోర్టని హైకోర్టు చెప్పింది. 52 రోజుల తర్వాత కార్మికులు తమంతట తామే సమ్మె విరమించాల్సి వచ్చింది. హుజూర్‌నగర్ ఓటర్లను నేను తప్పుపట్టను. వాళ్ల ముందు పింఛన్లు, నీళ్లు, రోడ్లు, కులం, పార్టీ అన్నీ ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క ఓటు. అందులో మీ వేతన ఒప్పందానికి వాటా ఎంతని లెక్కేస్తారు?

మీకు పనికొచ్చే ఓటు వేరే ఉంది. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో జరుగుతున్నాయి. ఏ సంఘం గెలిస్తే దానితోనే యాజమాన్యం చర్చించాలి. 2023లో గడువు దాటిపోయినా ఎన్నికలు పెట్టలేదు, విషయం హైకోర్టుకు వెళ్లింది. చివరి నిమిషంలో మళ్లీ వాయిదా అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబర్ 27న పోలింగ్ జరిగింది. రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చి నెల కూడా కాలేదు. అయినా గుర్తింపు సంఘంగా గెలిచింది కాంగ్రెస్ అనుబంధ సంఘం ఐఎన్‌టీయూసీ కాదు, దాదాపు 2 వేల ఓట్ల తేడాతో సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ. ఏ పార్టీకి ఓటేశామన్నది వేరు, గనిలో మన తరఫున ఎవరు మాట్లాడాలన్నది వేరు అని కార్మికులకు బాగా తెలుసు. ఎన్నిక జరిగేలా చూడటం వరకే కోర్టు చేసింది. నా దృష్టిలో కోర్టు చేయాల్సిందీ అదే. కాంట్రాక్టు కార్మికులకు మాత్రం అందులో ఓటు లేదు. అదే బొగ్గు పొడి మింగేవాళ్లకు ఓటు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటికి మించి యూనియన్లున్న చోట మస్టర్ రోల్‌లో (కంపెనీ హాజరు పట్టీలో) ఉన్నవారిలో 51 శాతం మద్దతున్న యూనియన్‌తోనే యాజమాన్యం చర్చించాలి. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లతో చర్చల కౌన్సిల్ ఏర్పడుతుంది. కాబట్టి ‘మీరే తేల్చుకోండి’ అన్నారుగా, తేల్చుకుందాం పదండని రాతపూర్వకంగా అడగండి. సభ్యత్వ పరిశీలన జరపాలని రెండు యూనియన్లూ కలిసే కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టండి. విడివిడిగా వెళితే మేనేజ్‌మెంట్‌కు కావలసింది మీరే చేసినట్టు.

లేబర్ ఆఫీసులో రెండు పక్షాలనూ పిలిచి పెట్టే జాయింట్ మీటింగ్ ఎలా ఉంటుందో ముందే చెబుతున్నా. మీరు అరడజను మంది ఆ రోజు జీతం వదులుకుని వస్తారు. అటు నుంచి ఒక హెచ్‌ఆర్ కుర్రాడు వచ్చి, ‘జీఎం గారు ఊళ్లో లేరు, టైమ్ కావాలి’ అని కాగితం ఇస్తాడు. ఆఫీసరు దాన్ని మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో రాసి వాయిదా వేస్తారు. విసుగొచ్చినా మీరు లేచి రాకండి. ‘నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషిని పంపలేదు’ అని అదే మినిట్స్‌లో రాయించి, సంతకం పెట్టి, కాపీ తెచ్చుకోండి. రేపు నిజంగా కోర్టుకెళ్లాల్సి వస్తే మీ చేతిలో ఉండాల్సింది ఆ కాగితాలే.

ఇంకొకటి. కోపంలో సమ్మెకు దిగకండి. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కన్సిలియేషన్, అంటే కార్మిక శాఖ జరిపే రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె కుదరదు. సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా చట్టం దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. ఈ సంగతి మీ షిఫ్టుల్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.