స్లైడ్ కంటే ముందు ఎక్స్‌రే అడుగు

అమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన దవడ గడ్డ స్లైడ్ ఫొటోలు చూశాను. స్టెయిన్ బాగా వచ్చింది, ఫోకస్ కూడా బాగుంది. కానీ "పెద్దనాన్నా, ఇది ఫైబ్రస్ డిస్‌ప్లేసియానా, ఆసిఫైయింగ్ ఫైబ్రోమానా?" అన్న నీ ప్రశ్నకు జవాబు ఆ ఫొటోల్లో లేదు. పేషెంట్ వయసెంత? పైదవడా, కిందిదవడా? దవడలు మొత్తం కనిపించే ఎక్స్‌రే, అదే ఓపీజీ, ఏది? ఇవేవీ లేకుండా నన్నే కాదు, ఎవర్నడిగినా ఊహించి చెప్పడమే అవుతుంది.

ఎముక స్థానంలో పీచు కణజాలం పెరిగే ఈ ఫైబ్రో-ఆసియస్ జాతి గడ్డలన్నీ మైక్రోస్కోప్ కింద దాదాపు ఒకేలా ఉంటాయి. పీచు కణజాలం, దాని మధ్యలో ముడి ఎముక ముక్కలు, అంతే. చైనా అక్షరాల్లా వంకర్లు తిరిగిన ఎముక కనిపించి, దాని చుట్టూ ఎముకను కట్టే కణాల, అంటే ఆస్టియోబ్లాస్టుల, వరుస లేకపోతే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, వరుస ఉంటే ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అని పీజీలు బట్టీ పడతారు. వైవా గట్టెక్కడానికి అది సరిపోతుంది. దవడలో మాత్రం, అందులోనూ పాతబడిన ఫైబ్రస్ డిస్‌ప్లేసియాలో, ఎముక ముదిరి పొరలు పొరలుగా మారుతుంది, అక్కడక్కడా ఆ వరుసా కనిపిస్తుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుని సంతకం పెట్టకు.

నువ్వు నమ్మాల్సింది అంచుని. ఎక్స్‌రేలోనూ అదే, స్లైడ్‌లోనూ అదే. ఫైబ్రస్ డిస్‌ప్లేసియాకి గట్టు ఉండదు. ఎక్స్‌రేలో గరుకు గాజులా కనిపించే గ్రౌండ్ గ్లాస్ మసక ఎక్కడ ఆగింది, మంచి ఎముక ఎక్కడ మొదలైంది అని పెన్సిల్‌తో గీయమంటే గీయలేవు. స్లైడ్‌లో కూడా గడ్డలోని ఎముక పక్కనున్న కార్టెక్స్‌తో, అంటే గట్టి పైపొర ఎముకతో, నేరుగా అతుక్కుని ఉంటుంది. ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అలా కాదు. దానికి స్పష్టమైన హద్దు ఉంటుంది, చాలాసార్లు చుట్టూ సన్నటి నల్లగీత కనిపిస్తుంది. పంటి వేళ్లను పక్కకు నెడుతుంది, కిందిదవడ అడుగు కార్టెక్స్‌ని కిందికి వంచుతుంది. ఆపరేషన్‌లో సర్జన్ చేతికి కాయలోంచి ముంజ ఊడివచ్చినట్టు వస్తుంది.

అందుకే ఫార్మలిన్ సీసా వచ్చినప్పుడు మూత తీసి నీ కళ్లతో నువ్వే చూడు, టెక్నీషియన్‌కి వదిలేయకు. ఒకే ముద్దగా నున్నటి అంచుతో వచ్చిందా, చిన్న చిన్న గరగరలాడే ముక్కలుగా వచ్చిందా? ముక్కలుగా వచ్చిందంటే ఈ జాతిలో మూడోదైన సిమెంటో-ఆసియస్ డిస్‌ప్లేసియాని గుర్తుచేసుకో. ఆ గడ్డ పక్క ఎముకకు అంటుకునే ఉంటుంది కాబట్టి సర్జన్ గీరి గీరి తీయాల్సి వస్తుంది. ఎలా ఊడివచ్చిందో రిక్విజిషన్ ఫారంలో ఎవరూ రాయరు. ఫోన్ చేసి అడుగు, విసుక్కుంటే విసుక్కోనీ.

ఈ మూడోదాని గురించే నీకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ అనర్థం జరిగేది దీంతోనే. నడివయసు ఆడవాళ్లలో, కిందిదవడ ముందు పళ్ల వేళ్ల చివర నల్లటి మచ్చగా మొదలవుతుంది. ఆ దశలో అచ్చం చచ్చిన పంటి వేరు చివర వచ్చే వాపు, గ్రాన్యులోమా, లాగే ఉంటుంది, దాంతో నిక్షేపంలాంటి పళ్లకు రూట్ కెనాల్ చేసేస్తారు. పంటికి ప్రాణం ఉందో లేదో పల్ప్ టెస్ట్ చేస్తే తేలిపోయే విషయం. ఇందులో పల్ప్, అంటే పంటి లోపలి గుజ్జు, బతికే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ మధ్యలో తెల్లబడుతుంది, చుట్టూ నల్ల అంచు మిగులుతుంది. వెనక పళ్ల దగ్గర ఒక్కచోటే వస్తే ఫోకల్, దవడల్లో ఒకటికి మించిన భాగాల్లో పరుచుకుంటే ఫ్లోరిడ్ అంటారు. ఎక్స్‌రేలో ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే బయాప్సీ అక్కర్లేదు. ముదిరిన గడ్డలో రక్తప్రసరణ తక్కువ. గెలికినా, అక్కడ పన్ను పీకినా చీము పట్టి ఎముక ఇన్‌ఫెక్షన్ (ఆస్టియోమైలైటిస్) దాకా పోవచ్చు. నోరు శుభ్రంగా ఉంచుకోమని చెప్పి, అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీసి చూసుకుంటే చాలు. "ఏమీ చేయొద్దు" అని రాయడానికి చిన్న డాక్టర్లకు మొహమాటం. నువ్వు మొహమాటపడకు.

పేరు తేలడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా పిల్లల్లో, కుర్రవాళ్లలో ఒకవైపే, ఎక్కువగా పైదవడలో నొప్పి లేని వాపుగా వస్తుంది. యుక్తవయసు దాటాక మామూలుగా నెమ్మదిస్తుంది కాబట్టి, ఎదుగుదల ఆగాక ముఖం ఆకారం కోసం చెక్కితే సరిపోవచ్చు. రేడియేషన్ మాత్రం ఇవ్వకూడదు, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. ఆసిఫైయింగ్ ఫైబ్రోమాని పూర్తిగా తీసేయాలి. పిల్లల్లో వచ్చే జువెనైల్ రకమైతే వేగంగా పెరిగి మళ్లీ మళ్లీ వస్తుంది, దాంతో ఆలస్యం పనికిరాదు. 2017 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో దవడలో పళ్లున్న చోట వచ్చే ఆసిఫైయింగ్ ఫైబ్రోమా రకాన్ని, అంటే సిమెంటో-ఆసిఫైయింగ్ ఫైబ్రోమాని, పంటి ట్యూమర్ల కిందకు మార్చారు. ఎగ్జామినర్లకు ఈ ప్రశ్నంటే మహా ఇష్టం, గుర్తుపెట్టుకో.

అప్పటికీ తేలకపోతే జీన్ పరీక్ష ఉంది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియాలో జీఎన్‌ఏఎస్ అనే జీన్‌లో మ్యుటేషన్ చాలాసార్లు దొరుకుతుంది, ఆసిఫైయింగ్ ఫైబ్రోమాలో దొరకదు. అయితే ముక్కను కోయడానికి వీలుగా ఘాటైన యాసిడ్‌లో వేసి కాల్షియం తీసేస్తే (డీకాల్సిఫై చేస్తే) డీఎన్‌ఏ పాడవుతుంది. పరీక్ష అవసరం కావచ్చనిపిస్తే ముందే కొంత ముక్కను ఈడీటీఏ అనే సౌమ్యమైన ద్రావణంలో వేయించు. రోజులు ఎక్కువ పడతాయి, పడనీ.

ఈ పరీక్షలకంటే ముందు పేషెంట్‌తో మాట్లాడు. ఒంటి మీద కాఫీరంగు మచ్చలున్నాయా, వేరే ఎముకలేమైనా వంగాయా, ఆడపిల్లయితే మరీ చిన్న వయసులోనే నెలసరి మొదలైందా అని తల్లిని అడుగు. అవి ఉంటే ఎముకలతోపాటు చర్మం, హార్మోన్లూ దెబ్బతినే మెక్యూన్-ఆల్బ్రైట్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు, అప్పుడు ఆ పిల్లను హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రైనాలజిస్ట్) చూడాలి. ఆసిఫైయింగ్ ఫైబ్రోమాలు ఒకటికి మించి ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూడమని రిపోర్ట్‌లోనే రాయి. పారాథైరాయిడ్ ట్యూమర్‌తో కలిసివచ్చే వంశపారంపర్య జబ్బొకటి ఉంది. దవడ ఆపరేషన్ హడావిడిలో ఎవరూ దాని జోలికి పోరు.

నొప్పి, పెదవి తిమ్మిరి, వేగంగా పెరగడం, పంటి చుట్టూ లిగమెంట్ ఖాళీ రెండువైపులా సమంగా వెడల్పవడం, వీటిలో ఏది కనిపించినా "బినైన్" (క్యాన్సర్ కానిది) అన్న మాట రాయకుండా ఆగు. నెమ్మదిగా పెరిగే ఎముక క్యాన్సర్, ఆస్టియోసార్కోమా, ఫైబ్రస్ డిస్‌ప్లేసియా వేషంలోనే వస్తుంది. అలాంటి మైనపు బ్లాక్‌ని ఆ క్యాన్సర్‌ని పట్టుకోవడానికి తోడ్పడే ఎండీఎం2 జీన్ పరీక్షకు పంపు, పెద్ద సెంటర్‌లో రెండో అభిప్రాయం తీసుకో.

ఇన్ని చూసినా ఎక్స్‌రే రాకపోతే, వివరాలు తెలియకపోతే "బినైన్ ఫైబ్రో-ఆసియస్ లీజన్, క్లినికల్, రేడియాలజీ వివరాలతో కలిపి చూడాలి" అని రాసి పంపు. అందులో నామోషీ ఏమీ లేదు. ఎక్స్‌రే వచ్చాక సప్లిమెంటరీ రిపోర్ట్ ఇవ్వొచ్చు. సర్జన్ తొందరపెడుతున్నాడని ఊహించిన పేరు మాత్రం రాయకు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న