ఎనలైజర్ పోయే ముందు ఏమైనా చెప్తుందా?

ప్రశ్న: బొగ్గు పవర్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని సార్. బాయిలర్ ఫ్లూ గ్యాస్ (పొగ) డక్ట్‌లో ఆక్సిజన్ శాతం కొలిచే జిర్కోనియా ఎనలైజర్లు ఎప్పుడు పోతాయో తెలియట్లేదు, పోయినా సరిగ్గా నైట్ షిఫ్ట్‌లోనే పోతాయి. మొన్నటిదాకా కాలిబ్రేషన్ (ఆక్సిజన్ శాతం తెలిసిన టెస్ట్ గ్యాస్ పెట్టి రీడింగ్ సరిచూడటం) పాస్ అయిన ప్రోబ్ (డక్ట్‌లోకి దూర్చే భాగం) ఉన్నట్టుండి ఫాల్ట్ చూపించింది. ముందే పసిగట్టే దారి ఉందా?
- పేరు వేయొద్దన్న పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఉందండీ, కాకపోతే మీరు "పాస్" అన్నారు చూశారా, తిరకాసంతా అక్కడే ఉంది. కాలిబ్రేషన్ చేసినప్పుడు సెల్ (ప్రోబ్‌లో ఆక్సిజన్‌ని పసిగట్టే జిర్కోనియా భాగం) రీడింగ్ కాస్త జారినా సరే ఆ తేడాని ఎనలైజర్ లెక్కలో సర్దేసి పాస్ అనేస్తుంది, అలా ప్రతిసారీ సర్దుకుంటూ పోయి ఇక సర్దలేని రోజున ఫాల్ట్ ఇస్తుంది. మనకేమో ఉన్నట్టుండి పోయినట్టు అనిపిస్తుంది. అందుకే అడ్జస్ట్ చేయకముందు రీడింగ్ ఎంతుందో రాసుకోండి, లాగ్‌బుక్‌లో ఉత్త "కాలిబ్రేషన్ ఓకే" అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

దాంతోపాటు సెల్ స్లోప్ (ఆక్సిజన్ మారితే సెల్ వోల్టేజ్ ఎంత మారుతుందో), సెల్ రెసిస్టెన్స్ కూడా రాయండి, చాలా మోడల్స్‌లో డయాగ్నొస్టిక్ మెనూలోనే ఉంటాయి. సెల్ 736 డిగ్రీల దగ్గర నడిచే రకమైతే ఆక్సిజన్ పదో వంతుకి పడినప్పుడల్లా సెల్ వోల్టేజ్ దాదాపు 50 మిల్లీవోల్టులు పెరగాలి. అంటే గాలి పెడితే సున్నా దగ్గర, 2.1 శాతం గ్యాస్ పెడితే 50 దగ్గర. ఈ స్లోప్ 48, 46 అని దిగుతూ అటు రెసిస్టెన్స్ ఎక్కుతూ ఉంటే సెల్ ముసలిదైపోతోందన్నమాట.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. టెస్ట్ గ్యాస్ ఆపాక రీడింగ్ మళ్లీ డక్ట్ విలువకి రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వాచీ పెట్టి చూడండి. రెసిస్టెన్స్ బాగానే ఉండి ఈ టైమ్ మాత్రం నెలనెలా పెరుగుతుంటే పాపం సెల్ తప్పేం లేదు, మన బొగ్గులో బూడిద 35-40 శాతం దాకా ఉంటుంది కదా, ప్రోబ్ ముందున్న ఫిల్టర్ మూసుకుపోతోంది. ఫిల్టర్ మారిస్తే పోయేదానికి సెల్ మార్చేసేవాళ్లు ఉన్నారు, బిల్లు చూశాక మేనేజర్ అడుగుతాడు.

రెసిస్టెన్స్ ఎంత దాటితే ప్రమాదం అనేది కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూడండి. కానీ అంకె కన్నా అది ఎక్కే వేగం ముఖ్యం. చిన్న ఎక్సెల్ షీట్‌లో గీత గీసి, వచ్చే షట్‌డౌన్ లోపే ఆ గీత లిమిట్‌ని తాకేలా ఉంటే సెల్ ఇప్పుడే ఆర్డర్ పెట్టేయండి, స్టోర్స్ వాళ్ల ఫైల్ కదలడానికి పట్టే టైమ్ మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతిసారీ రోటామీటర్‌లో (గ్యాస్ ఎంత పారుతోందో చూపే మీటర్) టెస్ట్ గ్యాస్ ఫ్లో ఒకటే పెట్టండి, సిలిండర్ మారితే ఆ తేదీ రాయండి, లేకపోతే లేని డ్రిఫ్ట్ (రీడింగ్ జారడం) కనబడి కంగారు పెడుతుంది.

కేబుల్ తెగడం, ఎలక్ట్రానిక్ కార్డు కాలడం లాంటివి ఏ ట్రెండ్‌లోనూ ముందు కనబడవు, వాటికి స్పేర్ ఉంచుకోవడమే.